సవతి తండ్రి నోటుపుస్తకం

1642 క్రిస్మస్ రోజు, ఇంకా తెల్లవారకముందే, ఇంగ్లండులోని లింకన్‌షైర్ ప్రాంతంలో ఊల్స్‌థార్ప్ అనే చిన్న పల్లెలో ఒక మగబిడ్డ పుట్టాడు. లీటరు చెంబులో పట్టేంత చిన్నగా ఉన్నాడని ఆ ఇంట్లో చెప్పుకునేవారు. బిడ్డకు కావలసినదేదో పక్క ఊరి నుంచి తెమ్మని ఇద్దరు ఆడవాళ్లను పంపితే, మనం తిరిగి వచ్చేసరికి వాడెలాగూ ఉండడు, తొందరపడి ఏం లాభం అనుకుని వాళ్లు దారిలోనే చతికిలబడ్డారట. ఆ బిడ్డ 84 ఏళ్లు బతికాడు. మన పిల్లల భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకంలో బలం, చలనం అనే పాఠం వచ్చిన ప్రతిచోటా ఆయన పేరు ఉంటుంది. బలాన్ని కొలిచే ప్రమాణానికి కూడా ఆయన పేరే పెట్టారు. వంద గ్రాముల యాపిల్ అరచేతిలో పెట్టుకుంటే, అది చేతిని కిందికి నొక్కే బలం దాదాపు ఒక న్యూటన్.

సైన్సుకూ విశ్వాసానికీ పొత్తు కుదరదని ఎవరైనా అంటే, మన సంఘాల్లో వెంటనే బయటికి వచ్చే పేరు కూడా ఐజాక్ న్యూటనే. ఇంతటి శాస్త్రవేత్త బైబిల్ చదివేవాడు, దేవుణ్ణి నమ్మేవాడు అంటాం. అది అక్షరాలా నిజం. అయితే ఆ మాట దగ్గరే ఆగిపోతే మనకు సగం న్యూటనే తెలుస్తాడు. మిగతా సగంలో మనల్ని ఇబ్బంది పెట్టే సంగతులూ ఉన్నాయి. అయినా పూర్తిగా తెలుసుకోవడమే మంచిదని మా ఉద్దేశం.

అతడు పుట్టడానికి దాదాపు మూడు నెలల ముందే తండ్రి చనిపోయాడు. ఆయన కాస్త పొలం, గొర్రెలు ఉన్న రైతు, సంతకం చేయడం కూడా రానివాడు. మూడేళ్లు నిండాక తల్లి హన్నా మళ్లీ పెళ్లి చేసుకుంది. పెళ్లికొడుకు పొరుగూరి పాదిరి, బర్నబాస్ స్మిత్. వయసు అరవై దాటింది, ఆస్తి ఉంది. పిల్లవాణ్ణి మాత్రం ఆయన తన ఇంటికి రానివ్వలేదు. ఐజాక్‌ను అమ్మమ్మ దగ్గర వదిలేసి హన్నా కాపురానికి వెళ్లిపోయింది. వెళ్లింది దూరదేశమేమీ కాదు, రెండు మూడు కిలోమీటర్ల అవతల ఉన్న ఊరే. ఏడేళ్లకు పైగా అలాగే గడిచింది. పదేళ్ల వయసులో సవతి తండ్రి చనిపోయాక అమ్మ తిరిగి వచ్చింది, వెంట ముగ్గురు చిన్నపిల్లలతో.

ప్రతి ఆదివారం ప్రసంగ పీఠం ఎక్కే మనిషి ఒక పసివాడి నుంచి తల్లిని వేరుచేశాడు. ఆ మాట రాయడానికి మాకేమీ సంతోషంగా లేదు.

ఆ గాయం ఎంత లోతుగా దిగిందో న్యూటనే రాసిపెట్టాడు. 1661లో కేంబ్రిడ్జ్‌లోని ట్రినిటీ కాలేజీలో చేరాడు. తల్లికి డబ్బుకు కొరత లేకపోయినా ఆమె ఇచ్చింది తక్కువ. అందుకే పెద్దింటి విద్యార్థులకు, అధ్యాపకులకు పరిచర్యలు చేస్తూ చదువుకునే కోటాలో చేరాల్సి వచ్చింది. మరుసటి ఏడాది పెంతెకొస్తు పండుగ దగ్గర, పందొమ్మిదేళ్ల ఐజాక్ తన పాపాలన్నీ గుర్తుచేసుకుని ఒక చిన్న పుస్తకంలో సంకేత లిపిలో వరుసగా రాసుకున్నాడు. దేవుడికి తప్ప ఇంకెవరికీ అర్థం కాకూడదని కాబోలు. 20వ శతాబ్దంలో పండితులు ఆ లిపిని విప్పి చదివారు. ఆదివారం గుడిలో యాపిల్ తినడం, ఆదివారం ఎలుకల బోను తయారు చేయడం, చెర్రీ పండ్లు దొంగిలించి తీయలేదని బొంకడం, చెల్లెల్ని గుద్దడం, అమ్మ మీద చిరాకుపడటం, దేవుడికన్నా డబ్బు మీద, చదువు మీద మనసు పెట్టుకోవడం. ఇలా నలభైకి పైగా ఉన్నాయి. చదువుతుంటే నవ్వొస్తుంది కూడా. మధ్యలో ఒక మాట దగ్గర నవ్వు ఆగిపోతుంది. అమ్మనూ స్మిత్‌నూ ఇంటితో సహా తగలబెడతానని ఒకప్పుడు బెదిరించాడట. అప్పటికి స్మిత్ చనిపోయి తొమ్మిదేళ్లయింది. అయినా ఆ పాపం జాబితాలో నుంచి పోలేదు.

ఇక్కడొక విచిత్రం ఉంది. స్మిత్ పాదిరి వదిలి వెళ్లిన వాటిలో రెండు మూడు వందల వేదాంత గ్రంథాలతోపాటు ఒక పెద్ద నోటుపుస్తకం కూడా ఉంది. పేజీల పైభాగాన వేదాంత విషయాల శీర్షికలు రాసుకుని, కింద ఏవో కొద్ది మాటలు నింపి, చాలా వరకు ఖాళీగా వదిలేశాడు. ఆ రోజుల్లో కాగితం ఖరీదు. న్యూటన్ ఆ పుస్తకాన్ని కేంబ్రిడ్జ్ తీసుకెళ్లాడు. 1665 ప్రాంతంలో చలనం గురించిన తన మొదటి లెక్కలను ఆ ఖాళీ పేజీల్లోనే చేశాడు. రెండు వస్తువులు ఎదురెదురుగా వచ్చి ఢీకొంటే ఏమవుతుంది, ఏ వేగంతో విడిపోతాయి, వస్తువును కదిలించేదాన్ని ఎలా కొలవాలి? ఈ ప్రశ్నలతో నింపాడు. కలనగణితానికి సంబంధించిన పనీ అందులో ఉంది. తనను ఇంట్లోకి రానివ్వని మనిషి పుస్తకంలోనే ఆధునిక భౌతికశాస్త్రం మొలకెత్తింది. ఆ పుస్తకం ఇప్పటికీ కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో భద్రంగా ఉంది.

అప్పటిదాకా లోకం చలనాన్ని ఎలా చూసేదంటే, కదిలే వస్తువును ఎవరో ఒకరు తోస్తూనే ఉండాలి. ఎద్దులు ఆగితే బండి ఆగుతుంది కదా! కంటికి కనిపించేది అదే. అరిస్టాటిల్ కాలం నుంచి రెండు వేల ఏళ్లు అదే పాఠం. బండిని ఆపేది ఎద్దులు లేకపోవడం కాదు, నేల, ఇరుసు కలిగించే ఘర్షణ అని గెలీలియో వంటివారు ముందే పసిగట్టారు. న్యూటన్ దాన్ని మొదటి నియమంగా నిలబెట్టాడు. బయటి నుంచి బలం ఏదీ పనిచేయకపోతే ఆగి ఉన్నది ఆగే ఉంటుంది, కదిలేది అదే వేగంతో తిన్నగా వెళ్తూనే ఉంటుంది. ఆర్టీసీ బస్సులో నిలబడ్డప్పుడు డ్రైవరు సడెన్ బ్రేకు వేస్తే మనం ముందుకు తూలిపడతాం. మనల్ని ముందుకు తోసినవారు ఎవరూ లేరు. బస్సు ఆగింది, మన శరీరం ఇంకా ముందుకు వెళ్తోంది, అంతే.

రెండో నియమం లెక్కకు సంబంధించింది. ఒక వస్తువు మీద ఎంత బలం వేస్తే దాని వేగం అంత త్వరగా మారుతుంది. బరువైనదైతే అదే బలానికి తక్కువ మారుతుంది. ఖాళీ తోపుడుబండినీ ధాన్యం బస్తాలు వేసిన బండినీ ఒకే బలంతో నెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. 2 కిలోల వస్తువు మీద 10 న్యూటన్ల బలం పనిచేస్తే, దాని వేగం ప్రతి సెకనుకూ సెకనుకు 5 మీటర్ల చొప్పున పెరుగుతుంది. పిల్లలు బట్టీ పట్టే సూత్రం ఇదే.

మూడో నియమం దగ్గర కాస్త ఆగాలి. ప్రతి చర్యకూ సమానమైన, వ్యతిరేక దిశలో ప్రతిచర్య ఉంటుందని మనందరికీ కంఠతా వచ్చు. మన వేదికల మీద దీన్ని విత్తినదే కోస్తామనే వాక్యానికి ఉదాహరణగా వాడటం మామూలైపోయింది. వాక్యం సత్యమే, ఉదాహరణే కుదరదు. న్యూటన్ చెప్పింది ఇప్పుడు చేసిన పనికి తరవాత వచ్చే ఫలితం గురించి కాదు. రెండు బలాలూ ఒకే క్షణంలో, రెండు వేర్వేరు వస్తువుల మీద పనిచేస్తాయి. గోదావరిలో పడవ మీద నుంచి రేవులోకి దూకేవాడు కాలితో పడవను వెనక్కి తంతాడు, అదే క్షణంలో పడవ అతణ్ణి ముందుకు తోస్తుంది. యాపిల్‌ను భూమి ఎంత బలంతో లాగుతుందో, యాపిల్ కూడా భూమిని సరిగ్గా అంతే బలంతో లాగుతుంది. భూమి బరువు ముందు ఆ బలం ఏ మూలకూ చాలదు కాబట్టి యాపిలే కదిలినట్టు కనిపిస్తుంది. కాలేజీకి వెళ్లే పిల్లలు మన ప్రసంగాలు వింటున్నారు. పాఠంలో ఒకటి, ప్రసంగంలో ఒకటి వినిపిస్తే వారు దేన్ని అనుమానిస్తారో మనం ఆలోచించుకోవాలి.

యాపిల్ సంగతీ ఇంతే. అది ఆయన నెత్తిన పడలేదు. 1665లో ప్లేగు వచ్చింది. ఒక్క లండన్‌లోనే ఆ ఏడాది 68 వేలకు పైగా ప్లేగు మరణాలు లెక్కలకెక్కాయి. కేంబ్రిడ్జ్ మూతపడింది, న్యూటన్ ఊల్స్‌థార్ప్ వచ్చేశాడు. ఇంటి తోటలో యాపిల్ రాలడం చూసి, ఎప్పుడూ తిన్నగా కిందికే ఎందుకు పడుతుంది, ఈ లాగే శక్తి చంద్రుడి దాకా ఎందుకు వెళ్లకూడదు అన్న ఆలోచన వచ్చిందని వృద్ధాప్యంలో తానే ఒక మిత్రుడికి చెప్పాడు.

లెక్క చూడండి. భూమి కేంద్రం నుంచి యాపిల్ ఉన్న దూరానికి దాదాపు 60 రెట్ల దూరంలో చంద్రుడు ఉన్నాడు. దూరం పెరిగేకొద్దీ ఆకర్షణ ఆ దూరపు వర్గానికి తగ్గట్టు తగ్గుతుంటే, అక్కడ అది 3,600వ వంతు ఉండాలి. చెట్టు దగ్గర తొలి సెకనులో 4.9 మీటర్లు పడే వస్తువు అంత ఎత్తున 1.4 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా పడాలి. చంద్రుడు తన తిన్నని దారి నుంచి ప్రతి సెకనుకూ సరిగ్గా అంతే భూమి వైపు వంగుతున్నాడు. అంటే చంద్రుడు కూడా పడుతూనే ఉన్నాడు. పక్కకు వెళ్లే వేగం ఉంది కాబట్టి నేలను తాకకుండా చుట్టూ తిరుగుతున్నాడు. ఆకాశానికి ఒక ధర్మం, నేలకు ఒక ధర్మం అన్న పాత గోడ అక్కడ కూలింది.

1669లో, ఇంకా 27 ఏళ్లు నిండకముందే, న్యూటన్ కేంబ్రిడ్జ్‌లో గణిత ఆచార్యుడయ్యాడు. ట్రినిటీ కాలేజీ సభ్యుడిగా కొనసాగాలంటే కొన్నేళ్లలో గురువుగా అభిషేకం పొందాలి. దానికి సిద్ధపడుతూ ఆదిసంఘ పితరుల రచనలు, సంఘ చరిత్ర, లేఖనాల ప్రాచీన ప్రతులు చదవడం మొదలుపెట్టాడు. ఆ చదువు ఆయన్ను మనం ఊహించని చోటికి తీసుకెళ్లింది. త్రిత్వ సిద్ధాంతం నాలుగో శతాబ్దంలో సంఘంలోకి వచ్చిన వక్రీకరణ అని ఆయన నిర్ణయించుకున్నాడు. ట్రినిటీ అనే పేరుగల కాలేజీలో ఉంటూ త్రిత్వాన్ని కాదన్నాడు. బయటపెడితే ఉద్యోగం పోతుంది, పరువూ పోతుంది. 1675లో, తన ఆచార్య పదవిలో ఉన్నవారికి అభిషేకం అవసరం లేదనే మినహాయింపు రెండో చార్లెస్ రాజు నుంచి వచ్చింది. బతికినన్నాళ్లూ ఈ విషయంలో ఆయన నోరు విప్పింది బహు కొద్దిమంది దగ్గరే. ఆయన తరవాత అదే పదవిలోకి వచ్చిన విలియం విస్టన్ అవే అభిప్రాయాలను బహిరంగంగా ప్రకటించి 1710లో విశ్వవిద్యాలయం నుంచి గెంటివేతకు గురైనప్పుడు కూడా న్యూటన్ మౌనంగానే ఉన్నాడు.

యోహాను మొదటి పత్రిక అయిదో అధ్యాయంలో తండ్రి, వాక్యం, పరిశుద్ధాత్మ అనే ముగ్గురు సాక్షుల మాట పాత గ్రీకు ప్రతుల్లో లేదని ఆయన వాదించాడు. 1690లో తత్వవేత్త జాన్ లాక్‌కు దీని మీద పెద్ద వ్యాసం రాసి పంపి, పేరు లేకుండా అచ్చువేయమని, తీరా పని మొదలయ్యేసరికి భయపడి వద్దని వెనక్కి తీసుకున్నాడు. ఆ ఒక్క వచనం విషయంలో ఆయన మాటే నిలబడింది. త్రిత్వాన్ని గట్టిగా నమ్మే పండితులే ఈనాటి అనువాదాల్లో చాలావాటి నుంచి దాన్ని తీసేశారు. త్రియేక దేవుని మీది విశ్వాసం ఆ ఒక్క వచనం మీద ఆధారపడలేదు. న్యూటన్ ముగింపును మనం ఒప్పుకోం. ఆయన వేసిన ప్రశ్నకు జడిసి పారిపోవాల్సిన పనీ లేదు.

1679లో తల్లి విషయంలో జరిగింది ఇంకా చెప్పుకోవాలి. స్మిత్ వల్ల పుట్టిన కొడుకుకు జ్వరం వస్తే చూసుకోవడానికి వెళ్లి, హన్నా ఆ జ్వరమే తగిలించుకుంది. కబురు అందగానే న్యూటన్ వెళ్లాడు. రాత్రిళ్లు పక్కనే మేల్కొని ఉన్నాడు. ఆమె ఒంటి మీది బొబ్బలకు తన చేతులతోనే కట్లు కట్టాడు, మందులు తానే ఇచ్చాడు. ఒకప్పుడు ఇంటితో సహా కాల్చేస్తానన్న అమ్మ ఆమే. ఆమె బతకలేదు.

ఆ చలికాలంలోనే రాబర్ట్ హుక్ నుంచి ఉత్తరాలు వచ్చాయి. గ్రహం తిన్నగా వెళ్లబోవడం, సూర్యుడు దాన్ని తనవైపు లాగడం, ఈ రెండూ కలిస్తే ఏ దారి ఏర్పడుతుందో ఆలోచించమని హుక్ అడిగాడు. ఆ సూచన న్యూటన్‌కు దారి చూపిందని ఈనాటి చరిత్రకారులు చాలామంది అంటారు. రుజువు మాత్రం న్యూటన్‌దే. 1684 ఆగస్టులో ఎడ్మండ్ హేలీ కేంబ్రిడ్జ్ వచ్చి, ఆకర్షణ దూరపు వర్గానికి తగ్గట్టు తగ్గితే గ్రహం ఏ దారిలో తిరుగుతుందని అడిగాడు. దీర్ఘవృత్తం, ఎప్పుడో లెక్క కట్టాను అన్నాడు న్యూటన్. కాగితం వెతికితే దొరకలేదు. మళ్లీ చేసి పంపిస్తానని మొదలుపెట్టిన ఆ పనే తిండీ నిద్రా మరిచేలా పెరిగి 1687 జులైలో ప్రిన్సిపియా గ్రంథమైంది. రాయల్ సొసైటీ డబ్బంతా చేపల మీద వేసిన ఒక పెద్ద పుస్తకానికి ఖర్చయిపోవడంతో, హేలీ తన జేబులోంచి డబ్బు పెట్టి అచ్చువేయించాడు.

ఆ గ్రంథం ఇంకా రాతప్రతిగా ఉండగానే, ముందుమాటలో తన పేరు ఒక్కసారి తలచుకుంటే బాగుండునని హుక్ ఆశించాడు. న్యూటన్ మండిపడ్డాడు. మూడో భాగాన్ని అసలు అచ్చువేయనని బెదిరించాడు, హుక్ పేరును చాలాచోట్ల కొట్టేశాడు. హేలీ బతిమాలి శాంతింపజేశాడు. 1703లో హుక్ చనిపోయాకే న్యూటన్ రాయల్ సొసైటీ అధ్యక్షుడయ్యాడు. కాంతి మీద రాసిన గ్రంథాన్నీ ఆ మరుసటి ఏడాదే బయటికి తెచ్చాడు. లైబ్నిట్జ్‌తో గొడవ ఇంకా ఘోరం. కలనగణితం ఎవరు ముందు కనిపెట్టారని తేల్చడానికి 1712లో సొసైటీ ఒక సంఘాన్ని వేస్తే, నిష్పక్షపాతమని చెప్పుకున్న ఆ నివేదికను చాటుగా రాసింది న్యూటనే. క్షమించడం ఆయనకు రాలేదు.

క్షమాపణ అడగడం మాత్రం ఒక్కసారి వచ్చింది. 1693లో ఆయన మనసు చెదిరింది. సరిగా నిద్ర లేదు, తిండి లేదు. స్నేహితులంతా తనకు కీడు తలపెట్టారని అనుమానం. లాక్ తనను ఆడవాళ్ల గొడవల్లోకి లాగాలని చూస్తున్నాడనుకున్నాడు. లాక్ జబ్బుపడ్డాడని ఎవరో చెబితే, పోతేనే మేలన్నాడు. కొద్దిరోజులకు తేరుకుని, ఆ మాటలన్నీ దాచకుండా లాక్‌కే ఉత్తరం రాసి క్షమించమన్నాడు. లాక్ బదులు రాశాడు. నిందలేదు. తనకు న్యూటన్ మీద ప్రేమ, గౌరవం తగ్గలేదని, ఎక్కడ కలుద్దామన్నా వస్తానని మెత్తగా రాశాడు. న్యూటన్ గురించి చదివినవాటిలో మాకు ప్రిన్సిపియాకన్నా ఈ రెండు ఉత్తరాలే ఎక్కువగా గుర్తుంటాయి.

1696 నుంచి ఆయన లండన్‌లో నాణేల ముద్రణశాల అధికారి, తరవాత దానికే అధిపతి. దొంగనాణేలు చేసేవారిని వెంటాడి ఉరికంబం ఎక్కించడంలో జాలి చూపలేదు. 1713లో ప్రిన్సిపియా రెండో ముద్రణ చివర దేవుని గురించి కొన్ని పేజీలు చేర్చాడు. సూర్యుడు, గ్రహాలు, తోకచుక్కల ఈ అమరిక జ్ఞానవంతుడైన సర్వాధికారి నుంచే వచ్చిందని అందులో రాశాడు. ఆకర్షణ ఎలా పనిచేస్తుందో చెప్పగలను కానీ దానికి కారణమేమిటో నాకు తెలియదు, ఊహలు అల్లను అన్న సంగతీ అక్కడే ఒప్పుకున్నాడు.

దానియేలు, ప్రకటన గ్రంథాల మీద ఆయన జీవితమంతా పనిచేశాడు. 2060 కన్నా ముందు లోకాంతం రాదని ఆయన లెక్కకట్టిన కాగితం గురించి 2003లో పత్రికలు పెద్ద అక్షరాలతో రాశాయి. ఆ కాగితం ఉద్దేశం వేరు. అంత్యదినానికి తేదీలు ప్రకటించి, అవి తప్పిపోయినప్పుడల్లా లేఖనాలను నవ్వులపాలు చేస్తున్న వారి నోరు మూయించడానికే దాన్ని రాశానని న్యూటన్ అందులోనే చెప్పాడు. మన ఊళ్లలో గోడపత్రికలు వేయించే కొందరికి ఇది వినిపించాలి.

1727 మార్చి 20న లండన్‌లో కన్నుమూశాడు. చివరి గడియల్లో ప్రభురాత్రి భోజన సంస్కారం వద్దన్నాడని మేనకోడలి భర్త రాశాడు. జీవితమంతా దాచిన సంగతిని అక్కడ దాచలేదు. అయినా వెస్ట్‌మినిస్టర్ అబ్బేలోనే ఘనంగా సమాధి చేశారు. ఆయన వేదాంత రచనలు, పది లక్షల మాటలకు మించినవి, అచ్చుకు తగవని పెట్టెల్లో ఉండిపోయాయి. 1936లో లండన్‌లో వేలానికి వచ్చినప్పుడు చెల్లాచెదురయ్యాయి. వాటిలో పెద్ద భాగాన్ని అబ్రహాం యహుదా అనే యూదు పండితుడు సేకరించాడు. ఆయన తరవాత అవి యెరూషలేము చేరాయి. అక్కడి ఇజ్రాయెల్ జాతీయ గ్రంథాలయంలో ఇప్పుడు ఎవరైనా వాటిని చదువుకోవచ్చు.